చెయ్యిచ్చినవాడు

ఆర్మూర్ చుట్టూ నేను తొక్కని మొరం బాట లేదని చాలా రోజులు గొప్పలు చెప్పుకున్నాను. మాక్లూర్ వైపు కాలువ కట్ట, ఇందల్వాయి దగ్గర అడవి అంచు, మోర్తాడ్ మక్క చేన్ల నడుమ బండ్ల బాట... ఇలా పదకొండు దారులు ఫోన్‌లో గీసి, ఒక్కోదానికి పేరు పెట్టి మా గ్రూపులో పంచుకున్నాను. ఆదివారం పొద్దున్నే ఏడెనిమిది మందిమి బయలుదేరేవాళ్ళం. ఏ దారిలో ఎక్కడ కంకర ఎక్కువో, ఎక్కడ కుక్కలు వెంటపడతాయో, ఎక్కడ చాయ్ దొరుకుతుందో అన్నీ నన్నే అడిగేవాళ్ళు.

నా పేరు భూమేశ్వర్. పసుపు మార్కెట్ వెనక వీధిలో ఒక చిన్న ల్యాబులో రక్తం తీసే పని. మస్కట్‌లో ఆరేళ్ళు ఉండి వస్తూ ఒక గ్రావెల్ సైకిల్ తెచ్చుకున్నాను. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. టైరు కొంచెం వెడల్పు. తారు మీద ఎంత సుఖంగా పోతుందో మొరం మీద కూడా అంతే సుఖంగా పోతుంది. దాన్ని చూసే ఒక్కొక్కరు నా వెంట పడ్డారు.

వాళ్ళలో నరహరి సార్ ఒకరు. బడిలో సోషల్ చెప్తారు. నలభై ఎనిమిదేళ్ళు, భారీ ఒళ్ళు. షుగర్ పరీక్షకు మా ల్యాబుకే వచ్చేవారు. డాక్టర్ నడవమన్నాడంటే, "నడుసుడెందుకన్నా, సైకిల్ తొక్కు" అని నేనే ఎక్కించాను. అందరికంటే వెనక వచ్చేవారు. ఎన్నడూ విసుక్కునేవారు కాదు. నాకు అన్నలాంటివారు, అలాగే పిలిచేవాణ్ణి.

మా గ్రూపులో ఒక్కటే నియమం. వెనకబడ్డవాణ్ణి వదిలి ముందుకు పోవద్దు.

ఆ నియమం రాసింది నేనే.

పోయిన మే నెల ఆఖరు వారం. ఎండలకు శ్రీరాంసాగర్ బ్యాక్‌వాటర్ రెండు మైళ్ళు వెనక్కి పోయింది. ప్రాజెక్టు కట్టినప్పుడు మునిగిన ఊళ్ళలో ఒకటి బయటపడిందని విన్నాను. ఫోన్‌లో మ్యాపు పెద్దది చేసి చూస్తే నీళ్ళున్న చోట సన్నటి తెల్ల గీత. ఆ ఊరి పాత బాట. వానలు పడితే మళ్ళీ మునుగుతుంది. నా పన్నెండో దారి అదే కావాలనుకున్నాను. మిగతావాళ్ళు ఎండకు భయపడ్డారు. నరహరి అన్న ఒక్కరే వస్తానన్నారు.

సాయంత్రం నాలుగున్నరకు బయలుదేరి, ఆలూరు దాటి, ఆరింటికల్లా ఒడ్డుకు చేరాం. అక్కడ ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. పేరు నడిపయ్య అన్నాడు. మా సైకిళ్ళను పైకీ కిందికీ చూశాడు.

"పాతూరి బాట మీదికెల్లే పోండ్రి. పక్కకు దిగకుండ్రి. మీద ఎండినట్టు కొడ్తది, కింద ఊబి ఉంటది. పొద్దుగూకకముందే మర్లుండ్రి."

"మ్యాపు ఉంది తాతా" అన్నాను నేను, ఫోన్ చూపించి.

ఆ బాట నిజంగానే బాగుంది. రాళ్ళు ఇంకా కదలకుండా ఉన్నాయి. రెండు పక్కలా నేల పెంకుల్లా పగిలి, ఎండిన గుల్లలు టైర్ల కింద పటపటమంటున్నాయి. నల్లగా మాడినట్టున్న తాటి మొద్దులు వరసగా నిలబడి ఉన్నాయి. ఎండు చేపల వాసన. ఊరు చేరేసరికి గోడలు లేవు, పునాదులున్నాయి. గడప రాళ్ళున్నాయి. ఒక ఇంటి ముందు రోలు కూడా అలాగే ఉంది. నరహరి అన్న దాని పక్కన కూర్చుని చాలాసేపు చేత్తో తడిమారు.

"గీ రోట్ల ఎన్నిసార్లు పచ్చడి నూరిండ్రో కదా తమ్మీ."

ఆయన కూర్చున్నంతసేపు నేను ఫొటోలు తీశాను. తలెత్తి చూసేసరికి పొద్దు నీళ్ళలోకి దిగుతోంది. వచ్చిన బాటనే తిరిగిపోతే అరగంట. నేరుగా నేల మీద అడ్డంగా పోతే పది నిమిషాలు.

"అన్నా, గిట్ల కోసి పోదాం."

"తాత దిగొద్దన్నడు కదా?"

"గట్టిగనే ఉంది, సూడు" అని ముందు నేనే దిగాను.

నేను సన్నం. నన్ను ఆ పెంకు మోసింది. వెనక ఫట్‌మని చప్పుడైంది. తిరిగి చూస్తే అన్న సైకిల్ ముందు చక్రం కనబడటం లేదు. ఆయన మోకాళ్ళ దాకా దిగి ఉన్నారు. కాలు పీకబోతే రెండో కాలు తొడ దాకా పోయింది.

"కదలకన్నా! వస్తున్న" అని సైకిల్ పడేసి వెనక్కి నడిచాను.

ముప్పై అడుగులు ఉంటుందేమో మా మధ్య. పది అడుగులు వేశాను. అప్పుడు ఆ వాసన వచ్చింది. కట్టెల పొయ్యి వాసన. జొన్న రొట్టె కాలుతున్న వాసన. ఆ నేల మీద పొయ్యి ఎక్కడిది... మైలు దూరం దాకా గుడిసె కూడా లేదు.

తర్వాత చప్పుళ్ళు. ఎవరో వాకిలి ఊడుస్తున్నారు. ఎక్కడో బావిలో బొక్కెన పడింది. చాంతాడు గిలక మీద కిర్రుమంది. నెమ్మదిగా, రోజూ పొద్దుగూకే వేళ వినిపించేటంత మామూలుగా. మనుషులు మాత్రం లేరు. పునాదులు, వాటి మీద బూడిదరంగు వెలుతురు... అంతే.

"భూమేశ్... నడుం దాక వచ్చింది. చెయ్యియ్యి తమ్మీ."

నేను నోరు తెరిచాను. వస్తున్న అన్నా, అనాలని. ఇంకా అనలేదు.

"వస్తున్న అన్నా. ఫికర్ చెయ్యకు."

నా గొంతే. నా మాటే. ఆయన వెనక, పునాదుల వైపు నుంచి వచ్చింది.

అన్న అటు తిరిగారు. ఆ మసక చీకట్లోకి చెయ్యి చాపారు. ఆ చెయ్యి కాసేపు గాలిలో తడుముకుంది. తర్వాత... ఎవరో పట్టుకున్నట్టు బిగుసుకుంది.

నేను ఉరికాను.

సైకిల్ ఎలా ఎక్కానో తెలియదు. ఒడ్డు మీద నడిపయ్య లేడు. వల కూడా లేదు. ఆలూరు దాకా ఆగకుండా తొక్కి, రోడ్డు పక్క చాయ్ హోటల్ ముందు బెంచీ మీద కూలబడ్డాను. ఫోన్ చేతిలో ఉంది. ఆయనకు చేస్తే ఎవరెత్తుతారో అని చెయ్యలేదు. పోలీసులకు చేస్తే ఎందుకొదిలి వచ్చావంటారని చెయ్యలేదు. హోటల్ నిండా మనుషులున్నారు. లేచి "ఒక మనిషి బురదలో దిగిపోయిండు" అంటే పదిమంది తాళ్ళు పట్టుకుని వచ్చేవాళ్ళు. నేను చాయ్ చెప్పాను. తాగాను. అన్న భార్య సంధ్య వదినకు ఏం చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. మనిషి పోయాడని నా మనసు అప్పటికే ఒప్పుకుంది. ఇక నా మీదికి రాకుండా ఎలా చెప్పాలన్నదే మిగిలింది.

ఎనిమిది కాకముందే ఒక సైకిల్ వచ్చి హోటల్ ముందు ఆగింది.

నరహరి అన్న. ఛాతీ దాకా బురద. పళ్ళు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. నవ్వుతున్నారు. నేను లేచేలోపే వచ్చి గట్టిగా కౌగిలించుకున్నారు.

"నువ్వు లేకుంటె నేను ఆడనే పోదును తమ్మీ. ఒడ్డెక్కంగనే నన్నిడిసి ముందుగాల ఉరికొచ్చినవేంది?"

ఆయన కళ్ళలోకి చూశాను. ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతున్నారు.

"గొంతు ఎండింది అన్నా... చాయ్ చెప్దామని" అన్నాను.

"నీకు బురద గూడ అంటలే సూడు! గట్ల ఎట్ల గుంజినవ్‌రా నన్ను? నీ చెయ్యి మాత్రం మంచుగడ్డ లెక్క ఉండె."

ఆయన కుడి మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తులున్నాయి. ఎర్రగా కాదు. చాలాసేపు నీళ్ళలో నానిన తోలులా తెల్లగా, ముడతలు పడి.

ఆదివారం గ్రూపు ముందు ఆయనే కథ చెప్పారు. "అందరు మాటలు చెప్తరు. భూమేశ్ చెయ్యిచ్చిండు" అన్నారు. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని తెలుగు తెలిసిన ఎవరికైనా తెలుసు. ఆయన మనసుకు ఆ అర్థం తట్టలేదు. అందరూ నా వీపు తట్టారు. నేను నేల చూశాను. అది వినయమనుకున్నారు.

మర్నాడు సంధ్య వదిన ల్యాబుకు వచ్చింది. ఇంట్లోనే బట్టలు కుడుతుంది ఆమె. మనిషి మెతక, మాట తక్కువ. డబ్బాలో బెల్లం, శనగపప్పు పూర్ణం పెట్టిన పోలెలు తెచ్చింది. డబ్బా బల్ల మీద పెట్టి, నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"గీ చేతులే తమ్మీ. నా ఇల్లు నిలవెట్టినయ్."

అప్పుడైనా చెప్పవచ్చు. గది తలుపు మూసి ఉంది, మేమిద్దరమే ఉన్నాం. నోటిదాకా వచ్చింది. ఆమె కన్నీళ్ళు నా వేళ్ళ మీద తడిగా ఉన్నాయి. "గంత మాటెందుకు వదినా" అన్నాను. ఆమె పోయాక ఆ పోలె ఒకటి తిన్నాను. ఎందుకు తిన్నానో ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆకలి కూడా లేదు.

ఆ బుధవారం అన్న ఫోన్ చేశారు.

"శుక్రవారం ఐదింటికి కదా తమ్మీ? మిగిలిన ఊరు సూపిస్తనంటివి."

"నేనా?"

"మర్సినవా? బురదలకెల్లి గుంజేటప్పుడు అన్నవ్ కదా. మా ఇల్లు సూడలే ఇంక, సూపిస్త, అన్నవ్. మీ ఇల్లు పెర్కిట్‌ల కదరా అని నవ్విన నేను."

వద్దన్నా, ఆ మాట అన్నది నేను కాదు అని చెప్పాలి. అలా అంటే మిగతాదీ చెప్పాలి.

"సూద్దాం అన్నా" అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం నుంచి నా చేతులు పనిలో నిలవలేదు. ఒకామెకు రెండుసార్లు సూది గుచ్చాను. "ఈ రోజు వద్దన్నా, ఒంట్లో బాగలేదు" అని మెసేజ్ పెట్టాను. ఆయన చూడలేదు. ఐదున్నరకు ల్యాబు మరొకరికి అప్పజెప్పి వాళ్ళింటికి పోయాను. వదిన కుట్టుమిషన్ ముందు నుంచి లేచి వచ్చింది.

"అదేంది తమ్మీ? ఇప్పుడే కదా ఇద్దరు కలిసి పోయిండ్రు!"

నేను వెనక్కి తిరిగి గేటు వైపు చూశాను.

"గేటు కాడనే నిలబడి బెల్లు కొట్టినవ్. లోపలికి రా, చాయ్ తాగు అంటె తలకాయ అడ్డంగ ఊపినవ్. ఏమన్న మర్సినవా?"

"ఆఁ... ట్యూబు మర్సిపోయిన వదినా" అన్నాను.

ఆమె ముందు కూడా అబద్ధమే ఆడాను.

నా జన్మలో అంత వేగంగా తొక్కలేదు. జూన్ మొదటి వారం. వానకు ముందు వచ్చే గాలి ఎదురుగా కొడుతోంది. ఆకాశం ఒక పక్క నల్లగా, ఒక పక్క పసుపు ఉడకబెట్టిన నీళ్ళలా ఉంది. పాతూరి బాట మీద అన్న సైకిల్ స్టాండు వేసినట్టు నిటారుగా నిలబడి ఉంది. మా సైకిళ్ళకు స్టాండ్లుండవు. దానికి ఆనుకుని ఏ రాయీ లేదు.

అవతల నేల మీద, వంద అడుగుల దూరంలో ఇద్దరు నడుస్తున్నారు.

ఒకరు నరహరి అన్న. ఒక్కో అడుగుకు మోకాలి దాకా దిగుతున్నారు. పీక్కుని మళ్ళీ వేస్తున్నారు. ఆయన చెయ్యి పట్టుకుని ముందు నడుస్తున్నవాడు మాత్రం దిగడం లేదు. నా నీలం చొక్కా. నా హెల్మెట్. నడిచేటప్పుడు ఎడమ భుజం కొంచెం వంచుతాను నేను, చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డాను. వాడూ వంచుతున్నాడు.

"అన్నా!"

ఆగలేదు. వాడు తల తిప్పలేదు. గాలిలో నా గొంతు వినిపించింది, చాలా మెత్తగా. "దా అన్నా. గిదే. గీ గడపనే."

వాళ్ళ ముందు ఎండిన నేల లేదు. నల్లగా, నూనెలా మెరిసే బురద. దాని అవతల ఒక గడప రాయి.

ఊరికే పిలిస్తే రారని అర్థమైంది. ఆ చేతిని నమ్మారు ఆయన. ఆ నమ్మకం నేను ఇచ్చిందే. వారం రోజులుగా నోరు మూసుకుని, పోలెలు తిని, వీపు తట్టించుకుని నేనే నిలబెట్టాను దాన్ని.

రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాను.

"అన్నా! గా దినం నీకు చెయ్యిచ్చింది నేను కాదు! నేను ఉర్కిన! నిన్ను బురదల ఇడిసిపెట్టి ఉర్కిన! ఆలూరు కాడ కూసోని చాయ్ తాగిన! నువ్వు సచ్చినవనుకున్న! వదినకు ఏం అబద్ధం చెప్పాల్నో ఆలోచించుకుంట కూసున్న! నేను రాలే అన్నా... నేను రాలే!"

గొంతు చీలిపోయింది. ఏడుస్తున్నాను.

నరహరి అన్న ఆగారు.

తిరిగారు. నన్ను చూశారు. చాలాసేపు... అలా చూస్తూనే ఉన్నారు. ఆ దూరంలో కూడా ఆయన ముఖం మారడం కనిపించింది. చెయ్యి విడిపించుకున్నారు. ఒక్కసారిగా, పిచ్చిపట్టినట్టు, పడుతూ లేస్తూ నా వైపు ఉరికారు. బాటకు ఆరేడు అడుగుల దూరంలో నడుం దాకా దిగిపోయారు. నేను నా సైకిల్‌ను బురద మీద పడుకోబెట్టి, దాని మీద బోర్లా పాకి, చెయ్యి అందుకుని లాగాను. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఎంతసేపు లాగానో తెలియదు. తల ఎత్తి చూసేసరికి నేల మీద ఇంకెవరూ లేరు.

బాట ఎక్కాక చూస్తే ఆయన సైకిల్ కూడా లేదు. వెతికే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. నా సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాకా నడిచాం. ఒక పాల ఆటో ఆపి ఎక్కాం. ఆయన దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళ వీధి మొగదలలో దిగి, వెనక్కి చూడకుండా పోయారు.

ఆ మౌనం నాకు తగిందే అనుకున్నాను. ఆయన గ్రూపులోంచి తప్పుకున్నారు. నేను పిలవలేదు. వానలు పడ్డాయి, నీళ్ళు వచ్చాయి, ఆ బాట మునిగింది. సిగ్గు పోలేదు. కానీ చెప్పాల్సింది చెప్పేశానన్న ఒక్క ఊరట ఉండేది. రాత్రిళ్ళు దాన్నే పట్టుకుని పడుకునేవాణ్ణి.

ఆగస్టులో ఒక సాయంత్రం ఆయన ల్యాబుకు వచ్చారు. బాగా చిక్కిపోయారు. కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి మడిచారు. సూది తీశాక, దూది అదిమిపెడుతూ అన్నాను.

"నన్ను మాఫ్ చెయ్యన్నా. గా దినం చెప్పిన కదా... అంతకుమించి ఏం చెప్పాల్నో తెలుస్తలేదు."

ఆయన ముఖం ఎత్తారు. "ఏం చెప్పినవ్?"

"అదే... బాట మీద నిలబడి, ఒర్రిన కదా."

"ఒర్రుడు కనబడ్డది తమ్మీ. ఒక్క మాట గూడ ఇనబడలే. ఎదురుగాలి. నీ నోరు ఆడుడు సూసిన, గంతే." మళ్ళీ అడిగారు. "ఏం చెప్పినవ్?"

దూది పట్టుకున్న నా వేలు కదలలేదు. మళ్ళీ చెప్పాలి. ఈసారి గాలి లేదు. అడుగు దూరంలో ఉన్నారు.

"ఏం లేదన్నా... రమ్మని పిల్చిన" అన్నాను. "మరి ఇనబడకుంటె ఎట్ల మర్లినవ్?"

ఆయన గొంతు బాగా తగ్గించారు.

"నీ పక్కన నేను నిలబడి ఉన్న."

"అన్నా..."

"నేనే. గీ పొట్ట, గీ బట్టతల. నా సైకిల్ హ్యాండిల్ పట్టుకొని. నువ్వు ఒర్రుతుంటె నిన్ను సూసుకుంట ఉన్నడు. తర్వాత సైకిల్ మర్లేసిండు, ఊరి దిక్కు. నాకంటె ముందుగాల నా ఇంటికి పోతడని నాకు సమజైంది. గందుకే ఉర్కొచ్చిన."

బయట వీధిలో ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆయన అది పోయేదాకా ఆగారు.

"గా దినం నేను ఇంటికి రెండుసార్లు వచ్చినట తమ్మీ. సంధ్య చెప్పింది. మొదలు వచ్చినోడు సైకిల్ గోడకు ఆనిచ్చి, తానం చేసి, ఎనుక అర్రలకు పోయి తలుపేసుకున్నడట. గంటకు నేను గేటు తీసిన. నా మొకం సూసి ఆమె కొయ్యబారింది. మెల్లగ లేసి పోయి, గా తలుపుకు బయటికెల్లి తాళం పెట్టింది. ఇప్పటిదాంక తీయలే. పొద్దుగూకితే లోపలికెల్లి మంచినీళ్ళు అడుగుతడు. నా గొంతే."

దూది మీద నెత్తురు ఆగిపోయింది. ఇంకా అదిమే ఉన్నాను.

"నిన్న పొద్దుగాలటి సంది సంధ్య నన్ను గూడ, నేను అసలోన్ని కానేమో అన్నట్టు సూస్తున్నది. నేనొక్కన్ని గా తలుపు తీయలేను. నన్ను బురదలకెల్లి గుంజినోనివి నువ్వు. ఒక్కసారి ఇంటికి వస్తవా తమ్మీ? ఇప్పుడే. నువ్వు పక్కన ఉంటె సాలు."

ఆయన చెయ్యి బల్ల మీద, నా చేతికి దగ్గరగా, అరచెయ్యి పైకి తిప్పి ఉంది.

"ఇంకా ముగ్గురి రక్తం తీసేది ఉందన్నా" అన్నాను.

ఆయన తలాడించారు. చొక్కా చెయ్యి నెమ్మదిగా కిందికి దించుకున్నారు. గుండీ పెట్టుకున్నారు. లేచి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, బయట రోగులు కూర్చునే బెంచీ ఖాళీగా ఉండటం చూశారు.

"సరే తమ్మీ. నీ పని కానియ్యి" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.